ఐదు మెట్లు రెండయ్యాయి

మా అత్తగారు 1974లో కొత్తకోడలిగా వచ్చినప్పుడు వీధిలోంచి మా అరుగు మీదికి ఐదు మెట్లు ఉండేవట. "పారాణి కాళ్లు జారతాయేమోనని ఒక్కోటీ లెక్కపెట్టుకుంటూ ఎక్కాను" అని ఇప్పటికీ చెబుతారు. 2001లో నేను వచ్చేసరికి మూడే మిగిలాయి. ఇప్పుడు రెండు. మెట్లెవరూ పీకలేదు. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయారంతే. పాతదాన్ని తవ్వి తీసేవాళ్లెవరు? ఇల్లు ఉన్నచోటే ఉంది, వీధే పైకి లేచింది.

ఈ మెట్ల లెక్క, అరుగు కిందున్న కొట్టు బాగుచేయించడం మొదలెట్టాకే నాకు తలకెక్కింది.

మాది విజయనగరం గంటస్తంభం దగ్గర సందులో పాతకాలపు ఇల్లు. మా ఆయన తాతగారు ఇత్తడి సామాన్ల వ్యాపారం చేసేవారు. శ్రీకాకుళం జిల్లా బుడితి నుంచి బిందెలు, గంగాళాలు తెప్పించి, అరుగు కింద సగం నేలలోకి దిగి ఉన్న గదిలో దింపించేవారట. అదే కింద కొట్టు. మా అబ్బాయి మాత్రం సెల్లార్ అంటాడు, ఏదో అపార్టుమెంటులో ఉన్నట్టు. వీధి వైపు గోడలో, కప్పుకి ఆనుకుని మూడు గాలి కన్నాలున్నాయి. ఒకప్పుడు అవి వీధికి మోకాలెత్తున ఉండేవి. ఇప్పుడు వానపడితే స్కూటర్లు చిమ్మే నీళ్లు తిన్నగా వాటిలోంచి లోపలికే.

2014లో మా ఊరి సిరిమాను పండగ అయి వారం తిరక్కముందే, అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. కింద కొట్టులో నడుం లోతు నీళ్లు. మోటారు ఉంది కానీ కరెంటేది? బకెట్లతో మూడు రోజులు తోడాం. ఆ తర్వాత చాలా ఏళ్లు దాని తలుపు తీయడమే మానేశాం.

మూడేళ్ల కిందట ఒక కాంట్రాక్టరు వచ్చి, గోడలకు సిమెంటు ప్లాస్టరింగ్ చేసి పైన వాటర్‌ప్రూఫ్ పూత వేస్తే చుక్క రాదన్నాడు. వేశాడు. నిజంగానే కింద చుక్క రాలేదు. ఒక వానాకాలం గడిచేసరికి పూత పూరీలా పొంగింది. చెమ్మ కింద దారి లేక పైకెక్కి, దేవుడి గది గోడ అడుగున్నర ఎత్తు నల్లబడింది. ఫోన్ చేస్తే, "మేడం, అది పై గోడ, మా పని కింద గోడ వరకే" అన్నాడు. ఆ జవాబు విన్నాక కోపం రావాలో నవ్వు రావాలో తెలియలేదు.

ఆ తర్వాత దొరికిన తాపీమేస్త్రికి డెబ్భై దాటి ఉంటాయి. వచ్చి గోడ మీద వేళ్ల కణుపులతో కొట్టి చూసి, ఉబ్బినచోట గోటితో గీకాడు. లోపలి నుంచి పాత సున్నం పిండిలా రాలింది.

"ఈ గోడ నీరు తాగుతాదమ్మా. తాగిన నీరు ఎటోకటు ఎల్లాల గదా. సిమెంటుతో మూసేస్తే ఏటి సేస్తాది? పైకెక్కుతాది" అన్నాడు.

వేసిన ప్లాస్టరింగ్ అంతా కొట్టించాం. వేయించడానికైన దాంట్లో సగం ఖర్చు తీయించడానికే అయింది. సందులోకి ట్రాక్టరు రాదు. పెచ్చులన్నీ తట్టల్లో మోసి, మలుపులో ఆపిన ఆటో ట్రాలీలో పోయాలి. అదీ కొట్లు తెరవకముందే. మొత్తం పదకొండు ట్రాలీలు. పక్క కొట్టు బాబాయిగారు రోజూ ఒకటే మాట: "అమ్మాయ్, గోడ ఉమ్మడిదమ్మా, మెల్లగా కొట్టించు."

గోడ మీద తెల్లగా తేలిన ఉప్పుని నేను కడిగేయబోతే మేస్త్రి అరిచినంత పని చేశాడు. కడిగితే కరిగి మళ్లీ గోడలోకే పోతుందట. పొడి చీపురుతో దులిపి, ఎత్తి పారబోయించాడు. సంక్రాంతి నుంచి ఉగాది దాకా గోడల్ని అలాగే ఎండనిచ్చాం.

మే నెలలో నేనో తెలివితక్కువ పని చేశాను. గాలి ఆడాలని తలుపులు బార్లా తీసి పెట్టాను. సాయంత్రానికి గోడలు చెమటలు పట్టాయి. మా ఆడపడుచు కొడుకు సివిల్ ఇంజినీరు. వాడొచ్చి గోడకి జానెడు ప్లాస్టిక్ కాగితం పెట్టి, నాలుగు అంచులకూ టేపు అంటించి వెళ్లాడు. రెండు రోజుల తర్వాత చూస్తే కాగితం వెనక పొడిగానే ఉంది, నీటిబొట్లన్నీ మన వైపే. "అత్తా, ఇది గోడలోంచి వచ్చింది కాదు. బయటి ఉక్క గాలి చల్లటి గోడకి తగిలి నీరవుతోంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి పట్టినట్టు" అన్నాడు. అప్పటి నుంచి తెల్లవారుజామున మాత్రమే తీసి, ఎండెక్కేలోగా మూసేస్తున్నాం.

మా ఆయనకు ఇంకో ఆశ ఉండేది. కప్పు ఎత్తు ఆరడుగుల పైన ఓ నాలుగంగుళాలు. రెండడుగులు కిందికి తవ్వితే గది అవుతుందని. మేస్త్రి ఒక మూల మూరెడు గుంత తీసి చూపించాడు. నేలకి అరడుగు లోతులోనే పునాది రాయి అయిపోయింది. దాని కింద ఉత్త మట్టి. ఇంజినీరు మేనల్లుడు ఉపాయం లేకపోలేదన్నాడు: మూడేసి అడుగుల ముక్క తవ్వి, పునాది కింద కాంక్రీటు పోసి, అది గట్టిపడ్డాక కాస్త ఎడంగా ఇంకో ముక్క, అలా చుట్టూ తిరిగి రావాలి. వరసగా తవ్వామో, గోడ మనతోపాటు దిగుతుంది. ఖర్చు విన్నాక, పక్క బాబాయిగారి మొహం గుర్తొచ్చాక, ఆ గుంత పూడ్చేశాం.

ఇంతలో ఒకాయన వచ్చాడు. పోటీ పరీక్షల పిల్లలకు రీడింగ్ రూమ్ పెడతానన్నాడు. ముప్ఫై కుర్చీలు, ఏసీ, మేం అనుకున్నదానికి రెట్టింపు అద్దె. మా ఆయన మొహం వెలిగింది. నాకు మాత్రం 2024 జులై 27 గుర్తొచ్చింది. ఢిల్లీ ఓల్డ్ రాజేంద్రనగర్‌లో సివిల్స్ పిల్లలు చదువుకునే బేస్‌మెంట్‌లోకి వాననీరు వచ్చి ముగ్గురు పోయారు. మాకున్నది ఒక్కటే మెట్లదారి, అదీ ఒక మనిషి పట్టేంత. జాతీయ భవన నిర్మాణ నియమావళి బేస్‌మెంట్‌కి కనీసం 2.4 మీటర్ల ఎత్తుండాలంటుంది, మాది రెండు మీటర్లు కూడా లేదు. వద్దన్నాను. వారం రోజులు ఇంట్లో మాటల్లేవు. కాఫీ మాత్రం వేళకే అందింది, నేనే ఇచ్చాను కాబట్టి.

గోడలకు చివరికి సున్నమే. గానుగ సున్నం ఆడించేవాళ్లు మాకు దొరకలేదు. రాతిసున్నం తొట్టిలో మూడు వారాలు నానబెట్టి, ఒకటికి మూడు పాళ్లు ఇసుక కలిపి పల్చగా మూడు పూతలు, ఒక్కోదానికీ పది రోజుల ఎడం. డాబా నీళ్ల గొట్టం ఇన్నాళ్లూ గోడ మొదట్లోనే పోస్తోందని అప్పుడే చూశాం, దాన్ని కాలువ దాకా లాగించాం. గాలి కన్నాల ముందు జానెడెత్తు ఇటుక గట్టు కట్టించాం. ఒక మూల చిన్న సంపు, దానికో మోటారు. దాన్ని ఇన్వర్టరుకే తగిలించమని మళ్లీ మళ్లీ చెప్పాను.

ఈ వానాకాలం గోడ అడుగున రెండు చోట్ల నల్లబడింది, మళ్లీ ఆరింది. పైన దేవుడి గది తెల్లగానే ఉంది. కింద తడిస్తే పాడయ్యేది ఏదీ పెట్టలేదు. అటక మీదున్న తాతగారి ఇత్తడి బిందెలు దింపి వరసగా పేర్చాం. అత్తగారు రోజుకొకటి చింతపండుతో చిలుము వదలగొడుతున్నారు, పద్నాలుగయ్యాయి.

పోయిన గురువారం ఎవరో ఇద్దరు టేపు పట్టుకుని వచ్చి, మా కింది మెట్టు మీద ఎర్రరంగుతో గీత గీసి వెళ్లారు. కొత్త రోడ్డు మట్టం అక్కడికట. అత్తగారు అరుగు మీంచి వంగి చూసి, "ఇంకొకటే మిగులుతుందన్నమాట" అని లోపలికెళ్లిపోయారు. గట్టు ఇంకో జానెడు లేపాలి, రేపు మేస్త్రికి ఫోన్ చెయ్యాలి.