టైరులో కెమెరా

పొద్దున్నుంచీ వాన. శనివారం బస్సులు తక్కువ కదా అని సైకిలే తీశాను, రెండు వీధులు దాటానో లేదో వెనక చక్రం టపటపమంది. ఇటలీలో నేనుండే ఈ పాదోవాలో సైకిల్ లేకపోతే కాళ్లు లేనట్టే, ఊరంతా చదును, అందరూ దాని మీదే. తడుస్తూ తోసుకుంటూ రిపేరు షాపుకి చేరాను. షాపు పెద్దాయన టైరు ఊడదీసి, ట్యూబు బయటికి లాగి, గాలి కొట్టి నీళ్ల తొట్టిలో ముంచాడు. అచ్చం మా గుంటూరు పంక్చర్ షాపులో చేసినట్టే, అదే నల్ల రబ్బరు, అవే బుడగలు. రెండు చోట్ల బుడగలొచ్చేసరికి తల అడ్డంగా ఊపి, "కామెరా దారియా" మార్చాల్సిందే అన్నాడు.

గాలి కెమెరానా?

ఇటాలియన్‌లో కామెరా అంటే గది. నిరుడు సెప్టెంబరులో ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు, ఇంటావిడ తలుపు తీసి "ఇదే మీ కామెరా" అంటే నేను తల పైకెత్తి నాలుగు మూలలా సీసీ కెమెరా కోసం వెతికాను. పడుకునే గదిలో కెమెరా ఏంటండీ అని అడగబోయి ఎందుకో ఆగాను, ఆగబట్టి బతికిపోయాను. వీళ్ల పార్లమెంటు దిగువ సభ కూడా కామెరానే. అంటే ట్యూబు గాలి ఉండే గది అన్నమాట. ఫ్రెంచివాళ్లూ దాన్ని గాలి గది అనే అంటారు. రష్యన్‌లో అయితే ట్యూబు కామెరా, జైల్లో ఖైదీ ఉండే గది కామెరా, రైల్వే స్టేషన్లో సామాన్లు దాచే చోటూ కామెరానే. పాపం ఖైదీకీ సూట్‌కేసుకీ ఒకటే మాట.

ఆయన కొత్త ట్యూబు ఎక్కించేలోపు ఓ మూల స్టూలు మీద కూర్చుని ఇదే ఆలోచిస్తున్నాను. లాటిన్ వాళ్లు గ్రీకు నుంచి తెచ్చుకున్నప్పుడు కామెరా అంటే కమానులా వంపు తిరిగిన పైకప్పు. పోను పోను ఆ కప్పు కింద ఉన్న గదికే ఆ పేరు అంటుకుంది. మరి గది కాస్తా ఫోటో తీసే పెట్టె ఎలా అయింది? చీకటి గది వల్ల. గదంతా మూసేసి ఒక్క చిన్న కన్నం ఉంచితే బయట ఉన్న బొమ్మ ఎదుటి గోడ మీద తలకిందులుగా పడుతుంది. కాలేజీ టూర్‌లో హంపి వెళ్లినప్పుడు విరూపాక్ష ఆలయంలో గోపురం తలకిందుల నీడ చూపించారు, అందరం దాని ముందు నిలబడి ఫోటోలు దిగాం, అంటే కెమెరాలోనే నిలబడి కెమెరాతో ఫోటో తీసుకున్నామని అప్పుడు తెలీదు! ఇలాంటి గదికి లాటిన్‌లో "కామెరా అబ్‌స్క్యూరా" అని, అంటే చీకటి గది అని, పేరు రాసిపెట్టింది ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్, 1604లో. అదే ఏడు గెలీలియో ఇదే ఊళ్లో పాఠాలు చెబుతున్నాడు. తర్వాత గది కుదించుకుపోయి చేత్తో మోసే పెట్టె అయింది, 1839లో ఫోటోగ్రఫీ వచ్చింది, ఇంగ్లిష్ వాళ్లు "చీకటి"ని వదిలేసి "గది"ని ఉంచుకున్నారు. మనం అదే పట్టుకొచ్చి ఫోన్ వెనకాల పెట్టుకుని తిరుగుతున్నాం. ఫ్రెంచ్‌లో కామెరా అంటే వీడియో తీసేది మాత్రమే, ఫోటోలు తీసేదానికి వేరే పేరుంది. ఇటాలియన్లు ఫోటోలు తీసేదాన్ని ఎక్కువగా ఫోటో మెషీన్ అంటారు, గది మాటను గదికే ఉంచేసుకున్నారు. నాకైతే వీళ్లదే న్యాయంగా అనిపించింది.

ఇన్ కెమెరా విచారణ అని పేపర్లో వస్తుంది చూడండి, చిన్నప్పుడు దాన్ని వీడియో తీస్తూ చేసే విచారణ అనుకునేదాన్ని. తీరా చూస్తే పూర్తిగా ఉల్టా, జడ్జిగారి గదిలో తలుపులేసుకుని చేసేది.

15 యూరోలు తీసుకున్నాడు. పాత ట్యూబు అడిగి తెచ్చుకున్నాను, ఎందుకో తెలీదు, రబ్బరు బ్యాండ్లు కోసుకోవచ్చని.

రాత్రి ఇదంతా మా రూమ్మేట్‌కి చెప్పాను. తనది నిజామాబాద్, సాయంత్రాలు ఒక పిజ్జా హోటల్లో పని, అంటే ఇటాలియన్‌లో తను కామెరియేరా, వెయిట్రెస్. ఒకప్పుడు గదులు చూసుకునే పనిమనిషిని అనే మాట అది, ఇప్పుడూ అంటారు. తను అన్నం కలుపుతూ తాపీగా, "మా అమ్మమ్మ కమ్రా అనే అంటది కదా, బియ్యం ఆ కమ్రాల పెట్టు అని" అంది. నా చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. అవును, హిందీ ఉర్దూల్లో కమ్రా పోర్చుగీసు వాళ్లు తెచ్చిన మాట, అదీ ఈ కామెరానే. ఓడెక్కి గోవా చుట్టూ తిరిగి నిజామాబాద్ బియ్యం గదిలోకి ఎప్పుడో వచ్చేసింది, నేనేమో ఇటలీ వచ్చి పంక్చర్ పడితే గానీ పట్టుకోలేకపోయాను.

పడుకోబోయే ముందు అమ్మకి ఫోన్ చేశాను. కామ్రేడ్ అన్న మాటా ఇందులోంచే వచ్చింది, స్పానిష్‌లో కమరాదా, ఒకే గదిలో ఉండేవాళ్లు, సైనికులు మొదట అలా పిలుచుకునేవారు. మా తాతయ్యని ఊళ్లో అందరూ కామ్రేడ్ అనే పిలిచేవారు, ఎర్రజెండా కట్టిన సైకిల్ మీద ఊళ్లు తిరిగేవాడు, పంక్చర్లు తనే వేసుకునేవాడు. తాతయ్య ఎప్పుడైనా ఎవరితోనైనా రూములో ఉన్నాడా అమ్మా అని అడిగితే అమ్మ నవ్వింది. "రూమేంటే, పార్టీ ఆఫీసులో ఒక్క చాప మీద ఆరుగురు పడుకునేవాళ్లట. మీ తాతయ్య ఎప్పుడూ తలుపు పక్కనేనట, గురకపెడతాడని."