ఈసారి ఆర్డరులో ఏం రాశానంటే

సంక్రాంతి సందడి అయిపోయాక ఏటా మా కొట్టుకి కొత్త స్టాకు ఆర్డరు పెడతాను. మాది తుపాకుల కొట్టు. భీమవరం పక్కన, చేపల చెరువుల మధ్య ఇలాంటి కొట్టు ఉందంటే కొత్తవాళ్ళు నమ్మరు. తాతగారు మొదలుపెట్టారు, నాన్నగారు నడిపారు. ఆయన మోకాళ్ళు సహకరించడం మానేశాక తొమ్మిదేళ్ళుగా నేను కూర్చుంటున్నాను.

తాతగారి రోజుల్లో ఏం తెప్పించాలన్న ఆలోచనే ఉండేది కాదట. చలి మొదలైతే కొల్లేటికి పరజలు, అంటే వలస బాతులు, దిగేవి, వెనకే వేటగాళ్ళు దిగేవారు. పిట్టల వేటకి వాడే సన్న గుండు ఆరో నంబరు తూటాలు పెట్టెలకి పెట్టెలు వెళ్ళిపోయేవి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఆ బేరం తగ్గుతూ పోయింది. 1999లో కొల్లేరు అభయారణ్యమైంది. వేట ఆగింది గానీ వేట తుపాకులు మాత్రం ఇళ్ళల్లోనే ఉండిపోయాయి. తాతల నుంచి మనవల చేతికి లైసెన్సు మారుతూ ఇప్పటికీ మా బల్ల మీదకి వస్తుంటాయి. మా కొట్టు నిలబడింది వాటి మీదే.

మొన్న కంపెనీ తరఫున వచ్చిన కుర్రాడు పంప్ యాక్షన్ తుపాకులు, అంటే ముందు పిడి వెనక్కీ ముందుకీ లాగితే తర్వాతి తూటా ఎక్కేవి, నాలుగు పెట్టుకోమని గట్టిగా చెప్పాడు. చూడ్డానికి బాగానే ఉన్నాయి. అతను వెళ్ళాక రిజిస్టరు తీసి మూడేళ్ళ పేజీలు తిప్పాను. కొత్త తుపాకులు అమ్మింది నాలుగే. అందులో మూడు, బ్యాంకు కాపలాకి చేరిన మాజీ సైనికులు కొన్న డబుల్ బ్యారెల్ 12 బోర్లు. పైగా 2019లో ఆయుధాల చట్టం సవరించాక మనిషికి రెండు తుపాకులే. అంతకుముందు మూడు ఉండేవి. మూడోది ఎలా వదిలించుకోవాలా అని వచ్చినవాళ్ళే గానీ, ఇంకోటి కావాలని వచ్చినవాళ్ళు నాకు తక్కువ. అందుకని కొత్త తుపాకీ ఒక్కటే రాశాను.

మా దగ్గర ఎక్కువ కదిలేది నూనె. ఈ గాలిలో ఇనుము నిలవదు. చెమట చేత్తో గొట్టం పట్టుకుని అలాగే పెట్టేస్తే, రెండు మూడు రోజులకి వేలిముద్ర ఎర్రగా తేలుతుంది. 2024 ఎన్నికలప్పుడు మార్చి 16న కోడ్ వచ్చిన దగ్గర్నుంచి జూన్ దాకా, లైసెన్సుదారులు అప్పగించిన డిపాజిట్ తుపాకులతో బీరువాలు నిండిపోయి, ఒక్కోదాన్నీ వారం వారం తుడవడమే పనైంది. తూటాలకీ చెమ్మే శత్రువు. పాత అట్ట తూటాలు చెమ్మకి ఉబ్బి గొట్టంలోకి దిగేవి కాదని నాన్నగారు చెబుతారు. ప్లాస్టిక్ వచ్చాక ఆ బాధ తప్పింది. నూనె, గుడ్డ, సిలికా జెల్, స్ప్రింగులు ఎప్పుడూ నిండుగా ఉంచుతాను.

అసలు టెన్షన్ తూటాల దగ్గరే. గత నెల ఒకాయన తండ్రి తుపాకీ తెచ్చారు. కొబ్బరితోట, కొంచెం వరి ఉన్న మనిషి. తండ్రి పోయాక ఏడాదిన్నర తిరిగితే ఆయన పేరున లైసెన్సు వచ్చింది. లైసెన్సు పుస్తకం బల్ల మీద పెట్టి, “ఒక పెట్టె ఇవ్వండి అమ్మాయిగారూ, 70లు” అన్నారు.

“బాబాయ్‌గారూ, ఒక్కసారి తుపాకీ చూడనివ్వండి” అని గొట్టాలు విప్పాను. అడుగున, చెక్క కప్పే చోట ఇంగ్లండు పరీక్ష ముద్రల పక్కన 2½ అని చిన్న అక్షరాల్లో ఉంది. తూటా కూర్చునే గది, అదే చాంబర్, రెండున్నర అంగుళాలన్నమాట. మిల్లీమీటర్లలో మనం 65 అనేది.

“ఇందులో 70 వేయకూడదండి.”

“దూరుతుంది కదమ్మా, నాన్నగారు అవే వాడేవారు.”

దూరుతుంది, నిజమే. ప్రమాదం అక్కడే. 70 మిల్లీమీటర్లన్నది పేలాక విచ్చుకున్న తూటా పొడవు. పేలకముందు మూతి లోపలికి మడిచి ఉంటుంది కాబట్టి 65 గదిలో కూడా సుబ్బరంగా కూర్చుంటుంది. పేలినప్పుడు ఆ మడత విచ్చుకోవడానికి చోటుండదు, గొట్టం సన్నబడే దగ్గర అడ్డుపడుతుంది. సీసపు గుండ్లు ఆ ఇరుకులోంచే పోవాలి. ఒత్తిడి ఎక్కడికో వెళ్ళిపోతుంది. ఎనభై తొంభై ఏళ్ళ ఇనుము, పట్టుకున్న చెయ్యి ఆ ఇరుకుకి జానెడు దూరంలో ఉంటుంది. ఒక తూటా, పేలిన ఖాళీ డొప్ప పక్కపక్కన పెట్టి చూపించాను. ఆయన రెంటినీ వేలితో కొలుచుకుని చాలాసేపు మాట్లాడలేదు.

ఆ రోజు నా దగ్గర 65లు లేవు. అడిగేవాళ్ళు నెలకొకరని రెండేళ్ళుగా తెప్పించడం మానేశాను. ఆ నెలకొకరికే అది ప్రాణం మీది విషయమని అప్పుడు తట్టింది. ఈసారి ఆర్డరులో మొదటి గీత అదే: 65లు ఎన్ని దొరికితే అన్ని. చాంబర్ కొలిచే గేజ్ కూడా రాశాను, ముద్రలు అరిగిపోయిన తుపాకులు చాలా వస్తున్నాయి.

ఇక తీసేసినవి. ఆరో నంబరు అర ఖాళీ చేశాను. చెరువుల వాళ్ళు, “నీటికాకులు చేపపిల్లలన్నీ తినేస్తున్నాయండి, ఏదైనా ఇవ్వండి” అని వస్తారు. వాళ్ళ నష్టం నాకు తెలుసు, మా చిన్నమామయ్యది రొయ్యల చెరువే. కానీ ఈ డెల్టాలో సన్న గుండు తూటా పిట్ట మీదకి తప్ప ఇంకెక్కడికీ వెళ్ళదు. కాపలా వాళ్ళకి ఎల్‌జీ, ఎస్‌జీ అనే పెద్ద గుండ్ల తూటాలు చాలు. చెరువు వాళ్ళకని పక్క అరలో నైలాన్ తాడు పెట్టాను. గట్టు నుంచి గట్టుకి వరసలుగా కడితే పక్షి దిగడానికి జంకుతుంది. పక్షుల్ని బెదరగొట్టడానికి పెద్ద చప్పుడుతో పేలే కార్బైడ్ పైపు తుపాకులు పెట్టమని కూడా అడిగారు. వాటితో పిల్లల కళ్ళు పోతున్నాయి, అవి మా గుమ్మం ఎక్కవు.

ఎయిర్ రైఫిల్ పెల్లెట్లలో మొన దేలినవి మానేసి, బల్లపరుపు తలవి మాత్రమే రాశాను. 10 మీటర్ల దూరంలో కాగితం మీద గుండ్రంగా, శుభ్రంగా చిల్లు పడాలంటే అవే కావాలి. నేర్చుకునే పిల్లలు అవే అడుగుతారు. మొనదేలినవి అడిగే కుర్రాళ్ళు ఎక్కడ కాలుస్తారో నాకు తెలుసు.

బాబాయ్‌గారి తుపాకీ రసీదు రాయించుకుని మా బీరువాలోనే పెట్టి వెళ్ళారు. 65లు రాగానే కబురు చెయ్యమన్నారు. నిన్న పొద్దున దాన్ని తుడిచి నూనె పట్టించాను. ఎడమ గొట్టం స్ప్రింగు కొంచెం మెతకగా ఉంది. ఆర్డరు పంపేలోపు అది కూడా కింద కలిపాను.