నా నుంచి నేను దూరమైన కాలం: డిసోసియేషన్‌తో నా అనుభవం

నాన్నగారు మంచాన పడిన నెలల్లో రాత్రుళ్లు సరిగా నిద్రపోయింది లేదు. ఆయన పోయాక నాకు ఏడుపు రాలేదు. నా గొంతు నాది కానట్టు, నా చేతుల్ని ఇంకెవరో కదుపుతున్నట్టు, ఎదుటి మనుషులకూ నాకూ మధ్య గాజు పలక అడ్డున్నట్టు అనిపించసాగింది. చూసినవాళ్లు దాన్ని నిబ్బరం అన్నారు. కానీ నిబ్బరంగా ఉన్న మనిషికి బాధ తెలుస్తూనే ఉంటుంది, దానికి లొంగకుండా నిలబడతాడు. నాకైతే బాధే కాదు, పిల్లలు వచ్చి మెడ చుట్టూ చేతులు వేసినా ఆ ఆప్యాయత లోపలికి చేరేది కాదు.

మతి తప్పుతోందేమోనన్న భయంతోనే మానసిక వైద్యురాలి దగ్గరికి వెళ్లాను. ఆవిడ మొదట అడిగింది ఒక్కటే: "ఇదంతా నిజం కానట్టు మీకు అనిపిస్తోందా, నిజం కాదనే నమ్ముతున్నారా?" అనిపిస్తోందంతే అన్నాను. జ్ఞాపకం, అనుభూతి, 'నేను' అన్న ఎరుక ఒకదానితో ఒకటి కలవకుండా విడిపోయే ఈ స్థితిని డిసోసియేషన్ అంటారని, వాస్తవాన్ని గుర్తించే శక్తి చెక్కుచెదరకుండా ఉండటమే దీన్ని సైకోసిస్ నుంచి, అంటే వాస్తవంతో సంబంధం తెగిపోయే మానసిక స్థితి నుంచి, వేరు చేస్తుందని చెప్పారు. తన నుంచి తాను వేరుపడినట్టుంటే డీపర్సనలైజేషన్, లోకం అవాస్తవంగా తోస్తే డీరియలైజేషన్. 2013లో వచ్చిన డీఎస్ఎమ్-5, అంటే మానసిక రుగ్మతల నిర్ధారణకు వైద్యులు వాడే అమెరికన్ గ్రంథం, ఈ రెంటినీ ఒకే రుగ్మత కింద చేర్చింది. మూర్ఛవ్యాధి వంటి శారీరక కారణాలు లేవని తేల్చుకోవడానికి పరీక్షలు చేయించారు, వాడుతున్న మందుల గురించి, మత్తు పదార్థాల గురించి అడిగారు. తర్వాత, డిసోసియేషన్ ఎంతగా ఉందో కొలవడానికి 1986లో రూపొందిన 28 ప్రశ్నల పత్రం ఇచ్చారు. ప్రయాణం చేస్తూ దారిలో కొంత భాగం గుర్తులేకపోవడం లాంటి, దాదాపు ఎవరికైనా ఎదురయ్యే అనుభవాలు కూడా అందులో ఉండటం నాకు చెప్పలేనంత ఊరటనిచ్చింది.

తీవ్రమైన ఉద్వేగాల ధాటికి జ్ఞాపకాన్ని, అనుభూతిని, 'నేను' అన్న ఎరుకను కలిపి ఉంచే మనశ్శక్తి సడలుతుందని ఫ్రెంచ్ మనస్తత్వవేత్త పియర్ జానే 1889లోనే రాశారు. నా విషయంలో ఇది అక్షరాలా నిజమని నమ్ముతున్నాను.

దీనికోసమే ప్రత్యేకంగా ఆమోదం పొందిన మందు లేదు కనుక చికిత్స ప్రధానంగా మాటల ద్వారానే సాగింది. అన్నిటికంటే కష్టమైనది, "ఇప్పుడు మామూలుగా ఉన్నానా" అని క్షణక్షణం లోపలికి తొంగిచూసే అలవాటును వదులుకోవడం. ఆ పరిశీలనే భయాన్ని పెంచుతుంది, భయం ఎడాన్ని పెంచుతుంది. అందుకని పాదాల కింద నేలను గమనించడం, చల్లని నీటిలో చేతులు ఉంచడం, కనిపిస్తున్న వస్తువుల పేర్లు పైకి చెప్పడం సాధన చేశాను. నిద్రకు వేళలు పెట్టుకున్నాను. మొదట తిరిగి వచ్చింది సంతోషం కాదు, దుఃఖం. చాలా ఆలస్యంగా, నాన్నగారి కోసం వెక్కివెక్కి ఏడ్చాను. అది దిగజారడం కాదని, చికిత్స పనిచేస్తున్నందుకు గుర్తని వైద్యురాలు ముందే చెప్పి ఉండటం వల్ల తట్టుకోగలిగాను.

ఇప్పటికీ వరసగా నిద్ర చెడితే ఆ పరాయితనం కాసేపు పలకరిస్తుంది. వచ్చినప్పుడు చేస్తున్న పనిని ఆపకుండా కొనసాగిస్తాను, అది తగ్గిపోతుంది.