టోర్నమెంట్ పోకర్‌లో చిప్స్ లెక్క వేరు, పాయింట్ల లెక్క వేరు

మా చిత్తూరు వైపు పేకముక్కలు పట్టుకోవడం వచ్చినవారిలో ఎక్కువమంది రమ్మీతో మొదలుపెట్టినవారే. సంక్రాంతి సెలవుల్లో మేడ మీదో, పెళ్లికి ముందురోజు రాత్రి విడిదింట్లోనో చాప పరుచుకుని నూటొక్క పాయింట్లకు చేరితే ఔటయ్యే ఆట ఆడినవారికి ఒక విషయం ఎవరూ చెప్పకుండానే తెలిసి ఉంటుంది. మొదటి డ్రాప్‌కు 20, మిడిల్ డ్రాప్‌కు 40, ఫుల్ కౌంట్‌కు 80 పడే ఆ ఆటలో 79 పాయింట్ల మీద ఉన్నవాడికి ఇంకొక్క డ్రాప్ మిగిలి ఉంటుంది, 85 మీద ఉన్నవాడికి అదీ ఉండదు. అందువల్ల అవే పదమూడు ముక్కలు చేతికొచ్చినా వాళ్లిద్దరూ ఒకేలా ఆడరు, ఆడకూడదు కూడా. మల్టీ-టేబుల్ పోకర్ టోర్నమెంట్‌ను అర్థం చేసుకోవడానికి మన ఊళ్లవారికి ఇంతకంటే దగ్గరి దారి నాకు కనిపించలేదు. విచిత్రమేమిటంటే, రమ్మీలో ఈ లెక్కను అలవోకగా వేసేవారే పోకర్ బల్ల దగ్గర కూర్చోగానే తమ చేతిలోని రెండు ముక్కలను మాత్రమే చూసి నిర్ణయాలు తీసుకుంటారు.

తిరుపతిలో మేము కొందరం చంద్రగిరి దారిలో ఉన్న ఒక మిత్రుని ఇంట్లో అప్పుడప్పుడు చేరి టెక్సాస్ హోల్డెమ్ ఆడుతుంటాం, అంటే చేతిలోని రెండు ముక్కలను బల్ల మీద తెరిచే అయిదు ఉమ్మడి ముక్కలతో కలుపుకునే పోకర్. పదహారు మంది, రెండు గదుల్లో రెండు టేబుళ్లు, తలా 10,000 చిప్స్, అవి అయిపోయినవారు వెళ్లిపోవలసిందే. చివరి వరకు నిలిచిన ముగ్గురికి వరుసగా 50, 30, 20 పాయింట్లు పట్టికలో పడతాయి. ఆటలో రూపాయి ఉండదు. పందెం కట్టి ఆన్‌లైన్‌లో రమ్మీ, పోకర్ ఆడటాన్ని మన రాష్ట్రంలో 2020లోనే, 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టంతో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నీ దేశమంతటా నిషిద్ధమయ్యాయి. అప్పులపాలైన కుటుంబాలను చూసినవాడిగా ఆ నిషేధాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. డబ్బు లేకపోతే పోకర్‌లో పస ఉండదనే మాటను మాత్రం ఒప్పుకోను. పట్టికలో పాయింట్ల కోసం ఆడినా టోర్నమెంట్‌లోని లెక్కలన్నీ చెక్కుచెదరకుండా ఉంటాయి, చదరంగంలా కూర్చుని చదువుకోదగినంత లోతు వాటిలో ఉంది.

అన్నిటికంటే ముందు గ్రహించవలసింది, చిప్స్ రెట్టింపైతే వాటి విలువ రెట్టింపు కాదనే సంగతి. ముగ్గురు మిగిలారనుకుందాం. ఒకరి దగ్గర 80,000, ఇంకొకరి దగ్గర 48,000, మూడోవారి దగ్గర 32,000 చిప్స్ ఉన్నాయి. మొత్తం చిప్స్‌లో సగం మొదటివారివే కాబట్టి పంచవలసిన వంద పాయింట్లలో 50 ఆయనవే అని మనసుకు తోస్తుంది. కానీ ఎంత బాగా ఆడినా ఆయనకు దక్కగలిగిన గరిష్ఠం 50 మాత్రమే, దానికి ఇంకా ఇద్దరిని దాటాలి. ఇండిపెండెంట్ చిప్ మోడల్, పొట్టిగా ఐసీఎం అనే లెక్క ఇక్కడే అక్కరకొస్తుంది. ఎవరి దగ్గర ఎంత శాతం చిప్స్ ఉంటే వారికి మొదటి స్థానం వచ్చే అవకాశం అంత శాతం అనుకుని, ఆ గెలిచినవారిని పక్కనపెట్టి, మిగిలినవారి చిప్స్‌తో రెండో స్థానానికి అదే లెక్కను మళ్లీ వేస్తారు. అలా వేస్తే 80,000 ఉన్నవారి సగటు వాటా 38.39 పాయింట్లు, 48,000 ఉన్నవారిది 32.75, అందరికంటే తక్కువ ఉన్నవారిది 28.86. స్టాక్ అంటే ఒకరి దగ్గరున్న మొత్తం చిప్స్. పెద్ద స్టాక్ ఉన్నవారి చిప్స్ చిన్న స్టాక్ ఉన్నవారి చిప్స్‌కు రెండున్నర రెట్లు. పాయింట్ల విలువలో చూస్తే ఒకటింబావు రెట్లు కొంచెం దాటింది, అంతే. ఈ లెక్కను ఒక్కసారి కాగితం మీద సొంతంగా చేసి చూసినవారు ఆ తర్వాత, ఉన్న చిప్స్ అన్నీ ఒకేసారి పెట్టే ఆల్-ఇన్ అనే మాటను తేలిగ్గా పలకరు.

దీని ప్రభావం ఎక్కువగా కనిపించేది బబుల్ దగ్గర, అంటే ఇంకొక్కరు వెళ్లిపోతే మిగిలినవారందరికీ ఏదో ఒకటి దక్కే ఘట్టంలో. మా ఆటలో అది నలుగురు మిగిలినప్పుడు వస్తుంది. ఒకసారి నలుగురి దగ్గరా ఇంచుమించు సమానంగా 40,000 చొప్పున ఉన్న సమయంలో, ముందు కూర్చున్న ఆయన మొత్తం చిప్స్‌ను మధ్యలోకి తోశారు. ఆయన రెండు గంటలుగా మంచి ముక్కలు వస్తే తప్ప కదలని మనిషి. బటన్ మీద, అంటే ముక్కలు పంచేవారి స్థానంలో ఉన్న కుర్రవాడు కాసేపు ఆలోచించి తన ముక్కలను ఫోల్డ్ చేశాడు. ఆట ముగిశాక అవి తొమ్మిదుల జత అని చెబితే, మాలో పెద్దవారైన ఒక రిటైర్డు మాస్టారు “తొమ్మిదుల జతను పారేస్తివా సామీ!” అని నొచ్చుకున్నారు. “కాదు సార్, లెక్క చూడండి” అంటూ ఆ కుర్రవాడు చూపించినదే నేను ఇక్కడ రాస్తున్నాను.

నలుగురికీ సమానంగా చిప్స్ ఉన్నప్పుడు ఒక్కొక్కరి వాటా 25 పాయింట్లు. కుర్రవాడు కాల్ చేసి, అంటే తనూ అంతే పెట్టి గెలిస్తే అతని చిప్స్ 80,000 అవుతాయి, అప్పటి వాటా 38.33. ఓడితే సున్నా. అంటే 13.33 పాయింట్ల లాభం కోసం 25 పాయింట్లను ఒడ్డుతున్నాడు. బ్లైండ్లను, అంటే ముక్కలు చూడకముందే ఇద్దరు పెట్టవలసిన తప్పనిసరి పందేలను పక్కనపెట్టి చూస్తే, ఆ కాల్ నష్టం కాకుండా ఉండాలంటే గెలుపు అవకాశం 65 శాతం దాటాలి. చిప్స్ మాత్రమే లెక్కపెట్టేవారికి 50 శాతం చాలుననిపిస్తుంది. ఈ పదిహేను శాతం తేడాలోనే బబుల్ ఆట అంతా ఉంది. ఎదుటివారి దగ్గర ఆసు, కింగు ఉంటే తొమ్మిదుల జత గెలిచేది సుమారు 55 శాతం; పదులో, జాకీలో, అంతకంటే పెద్ద జతో ఉంటే అయిదింట ఒక వంతు కూడా కాదు. అలాంటి మనిషి మీద ఆ ఫోల్డ్ నూటికి నూరుపాళ్లూ సరైనది. అదే తోసినవారు ఏ రెండు ముక్కలకైనా తోసే రకమైతే తొమ్మిదుల జతకు 72 శాతం దాకా గెలుపు ఉంటుంది కాబట్టి కాల్ చేయడమే మంచిది. కనుక ఐసీఎం ఎంత కావాలో చెబుతుంది, అంత ఉందో లేదో ఎదుటి మనిషిని రెండు గంటలు గమనించినవారికే తెలుస్తుంది.

ఇదే లెక్క తోసేవారికి అనుకూలంగా తిరుగుతుంది. కాల్ చేయడానికి 65 శాతం కావాలని అందరికీ తెలిసినప్పుడు, ముందుగా తోసినవారికి పాట్, అంటే మధ్యలో చేరిన చిప్స్, తరచూ ఊరకే వస్తుంది. అందుకే పెద్ద స్టాక్ ఉన్నవారు బబుల్ దగ్గర మధ్యస్థంగా ఉన్నవారి మీద ఒత్తిడి పెట్టాలి. బాగా చిన్న స్టాక్ ఉన్నవారికి పోగొట్టుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు, వారు కాల్ చేస్తారు. మధ్యవారికి మాత్రం, తనకంటే చిన్నవాడు ఒకడు వెళ్లిపోయేదాకా ఆగుదామనే ఆశ ఉంటుంది. ఆ ఆశలో న్యాయముంది, దానిని వాడుకోవడంలోనూ న్యాయముంది.

రెండు టేబుళ్లు నడుస్తున్నప్పుడు పక్క గదిలోకి వెళ్లి చూసి రావడం మర్యాద తప్పినట్లు కొందరు భావిస్తారు. నా దృష్టిలో అది ఆటలో భాగం. అక్కడ ఒకరి దగ్గర రెండు బిగ్ బ్లైండ్లకు, అంటే పెద్ద బ్లైండ్లకు సరిపడే చిప్స్ మాత్రమే ఉన్నాయని తెలిస్తే, మన టేబుల్ మీద ఇరవై బ్లైండ్లతో ఉన్నవారు అనవసరమైన పెద్ద పాట్‌లోకి దిగరాదు. పెద్ద టోర్నమెంట్లలో బబుల్ దగ్గర అన్ని టేబుళ్లలోనూ ఒక్కో పంపకాన్ని ఒకేసారి ఆడిస్తారు. లేకపోతే ఒక టేబుల్ వారు కావాలని తాత్సారం చేసి, పక్క టేబుల్‌లో ఎవరో ఒకరు పోయేదాకా గడుపుతారు.

ఇక బబుల్‌కు చేరేలోపు ఉండే నడిమి ఘట్టంలో శత్రువు బ్లైండ్లే. చిన్న బ్లైండ్ 500, పెద్ద బ్లైండ్ 1,000, యాంటీ అనే అదనపు పందెం టేబుల్ మొత్తానికి 1,000 ఉన్న లెవల్‌లో ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి ఏమీ ఆడకపోయినా 2,500 చిప్స్ కరిగిపోతాయి. మన చిప్స్‌ను ఆ మొత్తంతో భాగిస్తే వచ్చేదాన్ని ఎం అంటారు. 25,000 ఉంటే ఎం పది, అంటే ఇంకా పది చుట్లు ఆగగలం. రమ్మీలో ఎన్ని డ్రాపులు మిగిలాయో లెక్కపెట్టుకోవడం ఇదే. కాకపోతే ఇక్కడ లెవల్ మారిన ప్రతిసారీ బ్లైండ్లు పెరిగి మిగిలిన డ్రాపులు తగ్గిపోతుంటాయి, కాబట్టి ఆగగలిగినన్ని చుట్లు ఆగుదామనే ఆలోచన ప్రమాదకరం.

అదే లెవల్‌లో మన దగ్గర 10,000 మిగిలాయనుకుందాం, బటన్ మీద ఉన్నాం, ముందున్నవారందరూ ఫోల్డ్ చేశారు. ఇప్పుడు ఆల్-ఇన్ అంటే బ్లైండ్లలో ఉన్న ఇద్దరూ తప్పుకుంటే 2,500 వస్తాయి, అంటే మన స్టాక్‌లో నాలుగో వంతు. బిగ్ బ్లైండ్ కాల్ చేస్తే పాట్ 21,500 అవుతుంది. మన ముక్కలకు 35 శాతం గెలుపే ఉందనుకున్నా అందులో మన వాటా 7,525, కాబట్టి సగటు నష్టం 2,475. వచ్చేది 2,500, పోయేది 2,475. అంటే ఇద్దరూ కలిసి సగం సార్లు ఫోల్డ్ చేస్తే చాలు, అంత మామూలు ముక్కలతో తోసినా చిప్స్ లెక్కలో నష్టం లేదు. మంచి ముక్కల కోసం ఎదురుచూస్తూ నాలుగు బ్లైండ్లకు దిగజారినవారు తోస్తే ఎవరూ భయపడరు, ఫోల్డ్ చేయించే శక్తి అప్పటికే పోయి ఉంటుంది. పది బ్లైండ్ల దగ్గర ధైర్యం చేయడం తెగింపు కాదు, లెక్క ప్రకారం సరైన పని. బిగ్ బ్లైండ్‌లో ఉన్నవారికీ ఇలాంటి లెక్కే ఉంది: ఎవరైనా పందెాన్ని 2,000కు పెంచి, అంటే రైజ్ చేసి, మిగిలినవారు తప్పుకుంటే పాట్‌లో 4,500 ఉంటాయి, ఇంకో 1,000 పెడితే చాలు. 5,500లో 1,000 అంటే 18 శాతం కంటే కొంచెం ఎక్కువ. ఆ ధరకు పారేయవలసిన ముక్కలు చాలామంది అనుకునేదానికంటే తక్కువ. అయితే ఈ సదుపాయం బబుల్‌కు దూరంగా ఉన్నప్పుడే.

మొదటి ఘట్టం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. బ్లైండ్లు 50, 100 ఉండి చేతిలో 10,000 ఉన్నప్పుడు చిన్న జతలతో చవకగా ఫ్లాప్, అంటే బల్ల మీద తెరిచే మొదటి మూడు ముక్కలు, చూడవచ్చు. ఆ జతకు తోడు మూడోది పడేది ఎనిమిదిన్నర సార్లకు ఒకసారే అయినా, పడినప్పుడు వచ్చేది ఆ ఖర్చును భరిస్తుంది. ఇరవై బ్లైండ్లు మిగిలినప్పుడు అదే పని చేయడం వృథా. లాస్ వేగాస్‌లో జరిగే వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్‌లో ఇప్పుడు 60,000 చిప్స్‌తో, రెండు గంటల లెవల్స్‌తో ఆడిస్తున్నారు. అక్కడి ఓపికను మన ఇరవై నిమిషాల లెవల్స్‌కు అరువు తెచ్చుకోలేం.

ఆ మెయిన్ ఈవెంట్‌ను 2003లో 839 మంది మధ్య గెలిచిన క్రిస్ మనీమేకర్ అక్కడికి చేరింది ఒక శాటిలైట్ టోర్నమెంట్ ద్వారా. శాటిలైట్‌లో నెగ్గినవారందరికీ ఒకే బహుమతి, అంటే పెద్ద టోర్నమెంట్‌లో ఒక సీటు. అక్కడ ఐసీఎం పరాకాష్ఠకు చేరుతుంది: సీటు దాదాపు ఖాయమైనవారు, తమను బయటికి పంపగలిగినంత పెద్ద స్టాక్ ముందు రెండు ఆసులను కూడా ఫోల్డ్ చేయడం సరైన ఆట కావచ్చు. చిప్స్‌కు స్థిరమైన విలువ లేదనడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం నాకు తెలియదు.

ఆటగాళ్లు తగ్గి ఒక టేబుల్ ఎత్తేస్తే కొత్త టేబుల్‌కు మారినప్పుడు నేను ముందుగా చూసేది స్టాకులనే, ముఖ్యంగా ఎడమవైపు ఇద్దరివి. మనం రైజ్ చేస్తే మన తర్వాత మాట్లాడేది వాళ్లే కాబట్టి, వాళ్ల దగ్గర పది, పదిహేను బ్లైండ్లు ఉంటే తిరిగి ఆల్-ఇన్ వస్తుందని సిద్ధపడే రైజ్ చేయాలి.

చివరికి ఇద్దరే మిగిలితే ఈ ఐసీఎం బరువంతా దిగిపోతుంది. మా పట్టికలో ఇద్దరికీ 30 ఖాయం, పోటీ మిగిలిన 20 పాయింట్ల కోసమే, ఆ 20లో ఒక్కొక్కరి సగటు వాటా కూడా చిప్స్‌కు సరిగ్గా తగినట్లే ఉంటుంది. బటన్ మీద ఉన్నవారే చిన్న బ్లైండ్ పెట్టి ఫ్లాప్‌కు ముందు మొదట, ఆ తర్వాత ప్రతి రౌండ్‌లోనూ చివర ఆడతారు కాబట్టి, బటన్ వచ్చిన ప్రతిసారీ ఎక్కువ ముక్కలతో రైజ్ చేయాలి. గంటసేపు బబుల్ దగ్గర బిగబట్టుకుని ఆడిన చేతులకు ఆ వేగం వెంటనే రాదు. మా మాస్టారు మాత్రం ఆ ఘట్టంలో అందరికంటే బాగా ఆడతారు, తొమ్మిదుల జతను అక్కడ ఆయనతో ఎవరూ పారేయించలేరు.