ఆరు రోజుల్లో ఐదు పోటీలు: 1899 నాటి సెవానీ జట్టు

అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రంలో ఒక కొండ మీద ఉన్న సెవానీ అనే చిన్న విశ్వవిద్యాలయం తరఫున 1899లో ఆడిన ఫుట్‌బాల్ జట్టు, ఆరు రోజుల్లో ఐదు పోటీలు ఆడి, ప్రత్యర్థులకు ఒక్క పాయింటు కూడా ఇవ్వకుండా ఐదింటినీ గెలిచింది. బెంగళూరులో ఫుట్‌బాల్ అనగానే కంఠీరవ మైదానం గుర్తుకు వచ్చేవారికి ముందే చెప్పాలి: ఇది కోలబంతిని పొట్టకు అదుముకుని ఎదుటివారిని తోసుకుంటూ పరుగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్.

మా అక్క కొడుకు ఇక్కడే ఒక ఇంజనీరింగ్ కళాశాలలో చదువుకుంటూ, అక్కడి జట్టు ప్రయాణాల పని కూడా చూసుకుంటున్నాడు. టికెట్లు వెయిటింగ్ లిస్టులోనే ఉండిపోయాయని దిగులుపడుతున్న రోజున నేను ఈ కథ చెబితే, వాడు స్కోర్ల గురించి అడగలేదు. "మామయ్యా, అంతమందికి రైలు ఏర్పాట్లు ఎవరు చూశారు?" అన్నాడు. ఈ కథలో అడగవలసిన మొదటి ప్రశ్న అదేనని నా నమ్మకం.

ఆ పని చూసినవాడు ల్యూక్ లీ అనే విద్యార్థి, జట్టు మేనేజరు. ప్రవేశ టికెట్ల డబ్బు పంపకంలో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంతో తగవు వచ్చి, ఏటా జరిగే పోటీ ఆ ఏడు లేకుండా పోయింది. అలా తప్పిపోయిన రాబడిని పూడ్చుకోవడానికే లీ ఈ యాత్రను తలపెట్టాడు. నవంబరు 9న ఆస్టిన్‌లో టెక్సస్ విశ్వవిద్యాలయం మీద 12-0, మర్నాడు హ్యూస్టన్‌లో టెక్సస్ ఎ అండ్ ఎం మీద 10-0, 11న న్యూ ఆర్లియన్స్‌లో తులేన్ మీద 23-0. ఆదివారం విశ్రాంతి. సోమవారం బాటన్ రూజ్‌లో లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయం (ఎల్‌ఎస్‌యూ) మీద 34-0, మంగళవారం మెంఫిస్‌లో ఓల్ మిస్ అని పిలిచే మిసిసిపీ విశ్వవిద్యాలయం మీద 12-0. మొత్తం రైలు ప్రయాణం దాదాపు 4,000 కిలోమీటర్లు. సాయంత్రం బెంగళూరులో రైలెక్కి తెల్లవారి విజయవాడలో దిగినవారికి ఆ ఒళ్లునొప్పులు ఎలా ఉంటాయో తెలుసు. ఈ కుర్రాళ్లు అలా దిగి, అదే రోజు మైదానంలో కుమ్ములాడారు. తాగునీటి కోసం తమ కొండమీది ఊట నీటిని పీపాల్లో వెంట తీసుకుపోయారు. ఊరూరి నీళ్లు తాగి ఒక్కరు మంచం పట్టినా జట్టు కుంటుపడే పరిస్థితిలో, ఆ పీపాలను నేను గెలుపులో భాగంగానే లెక్కిస్తాను.

ఆనాటి నిబంధనలు తెలిస్తే ఆ శ్రమ ఇంకా బాగా అర్థమవుతుంది. బంతిని ముందుకు విసరడానికి అనుమతి 1906లో గాని రాలేదు. మూడు ప్రయత్నాల్లో ఐదు గజాలు సాధించాలి కాబట్టి, ఆటంతా గుంపులోకి చొచ్చుకుపోవడమే. దాడికీ రక్షణకూ ఆ పదకొండుమందే నిలబడాలి. ఒకసారి బయటికి వచ్చిన ఆటగాడు తిరిగి దిగడానికి వీల్లేదు. శిరస్త్రాణం తప్పనిసరి కాదు. టచ్‌డౌన్‌కు, అంటే బంతిని ఎదుటివారి చివరి గీత దాటించినందుకు, ఐదు పాయింట్లే.

చరిత్ర ఆ ఆరు రోజులనే గుర్తుపెట్టుకుంది గాని, ఆ జట్టు అసలు సత్తా నవంబరు 30న మోంట్‌గోమరీలో తేలిందని నాకనిపిస్తుంది. తర్వాతి కాలంలో ప్రసిద్ధమైన ట్రోఫీకి ఎవరి పేరు పెట్టారో ఆ జాన్ హైస్‌మన్ శిక్షణ ఇచ్చిన ఆబర్న్ జట్టు, ఆ ఏడాది సెవానీ మీద పాయింట్లు సాధించిన ఒకే ఒక్క జట్టు. అయినా సెవానీయే 11-10తో, అంటే ఒక్క పాయింటు తేడాతో నెగ్గింది. రెండు రోజులకే అట్లాంటాలో నార్త్ కరోలినాను 5-0తో ఓడించింది. మొత్తం పన్నెండు పోటీలు, పన్నెండు గెలుపులు. చేసినవి 322 పాయింట్లు, ఇచ్చినవి 10.

లీ ఆ తర్వాత పత్రిక స్థాపించాడు, అమెరికా సెనేట్‌కూ వెళ్లాడు. ఆయన గురించి రాసేవారు ఆ సంగతులతోనే మొదలుపెడతారు. నేనైతే ఆ రైలు ఏర్పాట్లతోనే మొదలుపెడతాను.