జోన్స్ ఐలండ్: పట్టా లేని జాలరుల రేవు

అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని మిల్వాకీ నగరం చూసివచ్చిన మనవాళ్ళు చెప్పే కబుర్లలో రెక్కలు విప్పి ముడుచుకునే తెల్లటి ఆర్ట్ మ్యూజియం ఉంటుంది, హార్లే డేవిడ్‌సన్ మోటారుసైకిళ్ళ మ్యూజియం ఉంటుంది, పాత బీరు కర్మాగారాలు ఉంటాయి. ఆ ఊరికి అన్నం పెట్టిన రేవు ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. ఉద్యోగ జీవితమంతా విశాఖ రేవులో గడిపిన నాకు ఏ ఊరికి వెళ్ళినా ముందు ఓడలు ఎక్కడ ఆగుతాయో చూడాలనిపిస్తుంది. షికాగోలో మా అబ్బాయి దగ్గర ఉన్న రోజుల్లో మిచిగన్ సరస్సు పటం ముందేసుకుని చూస్తుంటే, మిల్వాకీ నడిబొడ్డుకు కాస్త దక్షిణంగా, సరస్సుకూ నదికీ మధ్య సన్నగా చొచ్చుకువచ్చిన నేల ఒకటి కనిపించింది. దాని పేరు జోన్స్ ఐలండ్. పేరుకు ద్వీపమే గాని దక్షిణం వైపు నేలను అంటుకునే ఉంది. దాని కథ కొద్దిగా చదివిన తరువాత వెళ్ళి తీరాలనుకున్నాను.

షికాగో యూనియన్ స్టేషన్ నుంచి హయవాతా రైలులో మా ఆవిడకూ నాకూ గంటన్నర ప్రయాణం సుఖంగానే సాగింది. చిక్కంతా ఆ తరువాత వచ్చింది. బే వ్యూ పేట దాకా సిటీ బస్సులు పుష్కలంగా ఉన్నాయి గాని రేవు లోపలికి మాకు పనికొచ్చే బస్సు ఒక్కటీ దొరకలేదు. నాలుగడుగుల దూరానికి టాక్సీవాడు పుచ్చుకున్న సొమ్ము మా రైలు టిక్కెట్టులో సగానికి పైగా ఉంది. అమెరికాలో డాలర్లను రూపాయల్లోకి మార్చి చూసుకోవద్దని మా అబ్బాయి ఎన్నిసార్లు చెప్పినా, మా ఆవిడ మార్చి చూసింది, చూసి నా వంక చూసింది. డ్రైవరు కూడా ఆశ్చర్యపడ్డాడు. మురుగునీటి ప్లాంటూ ఉప్పుగుట్టలూ తప్ప అక్కడ చూడటానికి ఏముందని అడిగాడు. ఆ మాట నన్ను నొప్పించింది. ఒకప్పుడు పదిహేను వందల మందికి పైగా బతికిన చోటు గురించి సొంత ఊరివాడే అలా అన్నాడు.

ఆ నేల పుట్టుక రేవుల్లో పనిచేసినవాళ్ళకు తేలిగ్గా అర్థమవుతుంది. మిల్వాకీ, మెనామనీ, కినికినిక్ అనే మూడు నదులు ఇక్కడ కలిసి మిచిగన్ సరస్సులోకి దిగుతాయి. పూర్వం చుట్టూ అంతా బాడవ నేల, అడవి వరి పండే చిత్తడి. పొటవాటమీ, మెనామినీ తెగలవారి తావు. నది తిన్నగా సరస్సులో కలవకుండా, ఒక ఇసుక తిన్నె అడ్డుపడటంతో దక్షిణానికి మళ్ళి, కొంత దూరం పోయి, అక్కడ కలిసేది. నది సరస్సులో కలిసే ఆ పాత మొగలో ఇసుక మేట వేసి ఓడలను ఇబ్బంది పెట్టేది. 1857లో ఆ ఇసుక తిన్నెను ఉత్తరం పక్క తెగ్గోసి సరస్సులోకి తిన్నగా కొత్త దారి తెరిచారు. దానితో తిన్నె దక్షిణ భాగం ఉత్తరపు నేల నుంచి విడిపోయింది, కొన్నాళ్ళు నిజంగానే ద్వీపంగా ఉంది. తరువాత పాత మొగ పూడిపోయి రెండో కొస నేలకు అతుక్కుంది. అంతకు ముందు 1850ల్లో జేమ్స్ మన్రో జోన్స్ అనే ఆయన ఇక్కడ ఓడలు కట్టే యార్డు పెట్టాడు. కొన్నేళ్ళకే తుపాను దాన్ని ఊడ్చేసింది గాని ఆయన పేరు ఆ నేలకు నిలిచిపోయింది.

టాక్సీ మమ్మల్ని కార్‌ఫెర్రీ డ్రైవ్ మీద దింపింది. ఒకప్పుడు రైలు పెట్టెలను ఓడలకెక్కించి సరస్సు దాటించేవారు. ఆ దారి పేరు అప్పటిదే. ఒకవైపు రైలు పట్టాలు, ట్యాంకులు, ఇంకోవైపు నీళ్ళు, మధ్యలో వరుసగా లారీలు. వాటన్నిటి నడుమ నాలుగు అంగల్లో దాటేయగల పచ్చిక ముక్క, ఒక విల్లో చెట్టు, ఒక లంగరు, ఒక ఫలకం. అదే కషూబ్ పార్క్, 1970ల్లో ఏర్పాటు చేసినది. మిల్వాకీలోని పార్కులన్నిటిలోకీ చిన్నదని చెబుతారు. లంగరుకు రంగు వేసి ఉంది. దాని కింద ఎవరో చిన్న పూలకుండీ ఉంచారు, పూలు ఇంకా వాడలేదు.

మేము వెళ్ళేసరికి ఆ పచ్చిక మీద ఒక పెద్దాయన తన పికప్ బండి వెనుక తలుపు దించుకుని దాని మీదే కూర్చుని సాండ్‌విచ్ తింటున్నాడు. దారి తప్పి వచ్చారా అని అడిగాడు. కాదు, ఈ చోటు చూడటానికే వచ్చామన్నాను. అంతే, మనిషి మారిపోయాడు. వాళ్ళ నాయనమ్మ ఇక్కడే పుట్టిందట. ఎక్కడ నిలబడి చెబుతున్నాడో అక్కడే ఇళ్ళు ఉండేవని, వీధులంటూ లేక వలలు ఆరవేసే చట్రాల మధ్య నుంచే నడిచేవారని, చలికాలంలో నది గడ్డకడితే పిల్లలు దాని మీదుగానే అవతలి గట్టుకు బడికి వెళ్ళేవారని నాయనమ్మ దగ్గర విన్నవన్నీ చెప్పాడు. మా ఆవిడది భీమిలి. వలలు ఇంటి ముందరా వెనకా ఆరేసే ఊళ్ళో పుట్టిన మనిషి. ఆయన ఇంగ్లీషు నాకన్నా ఆమెకే బాగా అర్థమైంది.

కషూబులు అంటే బాల్టిక్ సముద్రపు ఒడ్డున, నేటి పోలండ్‌లో, అప్పటి ప్రష్యా ఏలుబడిలో ఉన్న జాలరి జనం. తమ భాష తమకుంది. వారిలో చాలామంది హెల్ అనే చోటి నుంచి వచ్చారు. పటం తీసి చూడండి. హెల్ కూడా సముద్రంలోకి పొడుగ్గా సాగిన సన్నని ఇసుక నేలే. 1870ల్లో ప్రష్యా ప్రభుత్వం పోలిష్ భాష మీద, కాథలిక్ చర్చి మీద ఒత్తిడి పెంచిన కాలంలో, బతుకుతెరువూ కష్టమై, కొన్ని కుటుంబాలు ఇంత దూరం వచ్చాయి. పెద్ద ఊరు పక్కనే ఉన్నా ఎవరికీ పనికిరాదని వదిలేసిన ఈ ఇసుక మీద గుడిసెలు వేసుకున్నారు. వారితో కొందరు జర్మన్లూ స్కాండినేవియన్లూ కలిశారు. తెల్లవారకముందే పడవలు సరస్సులోకి పోయేవి. గిల్ వలలకు వైట్‌ఫిష్, ట్రౌట్, హెర్రింగ్, పెర్చ్ పడేవి. కాలువలూ కుళాయిలూ లేవు, గట్టి తుపానుకు ఇళ్ళలోకి నీళ్ళొచ్చేవి. అయినా సారా దుకాణాలకూ పెళ్ళిళ్ళకూ సంగీతానికీ లోటు లేదు. ఊళ్ళోవాళ్ళు సాయంత్రం పూట వేయించిన చేపల కోసం ఇక్కడికి వచ్చేవారట.

ఒక్కటే లేదు. కాగితం. వారిలో ఎవరూ ఆ నేలను కొనలేదు, రిజిస్టరు చేయించలేదు. పక్కనే బే వ్యూలో 1860ల్లో మొదలైన ఇనుప కర్మాగారం తరువాత ఇల్లినాయ్ స్టీల్ కంపెనీ చేతికి వచ్చింది. ఆ కర్మాగారం దగ్గరే 1886 మే 5న ఎనిమిది గంటల పనిదినం కోసం నడిచివస్తున్న కార్మికుల మీద రాష్ట్ర సైనికదళం కాల్పులు జరిపి కనీసం ఏడుగురి ప్రాణాలు తీసింది. 1890ల్లో కంపెనీ ఈ నేల తనదంటూ జాలరుల మీద దావాలు వేసింది. ఏళ్ళ తరబడి అడ్డులేకుండా అనుభవించినవాడికి హక్కు వస్తుందా, ఒకడు ఇంకొకడికి నోటిమాటగా అప్పగించిన గుడిసెకు ఆ అనుభవ కాలం కూడా కలిసి వస్తుందా అనే ప్రశ్నల మీద ఆ దావాలు 1900 నాటికి విస్కాన్సిన్ సుప్రీంకోర్టు దాకా వెళ్ళాయి. మన తీరంలో పోరంబోకు, సాగుదారు, పట్టా అనే మాటల చుట్టూ జరిగే వాదనలు విన్నవారికి ఈ ప్రశ్నలు కొత్తవి కావు.

చివరకు వారిని లేపింది కంపెనీ కాదు, నగరం. ఇక్కడే నా మనసు రెండుగా చీలింది. మూడు నదులూ నగరపు మురుగును మోసుకొచ్చి సరస్సులో కలిపేవి, ఆ సరస్సు నీళ్ళే జనం తాగేవారు. 1913లో మురుగునీటి కమిషన్ ఏర్పడింది. మరుసటి ఏడే ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరు కొత్త పద్ధతిని ప్రకటించారు. మురుగులోకి గాలి పంపితే సూక్ష్మజీవులు పెరిగి అందులోని మలినాన్ని తినేస్తాయి. తరువాత నీటిని కదలకుండా ఉంచితే ఆ జీవులు మడ్డిగా కిందికి దిగుతాయి. ఆ మడ్డిలో కొంత మళ్ళీ తొట్టిలోకి పంపితే పని ఆగకుండా సాగుతుంది. దీన్ని పెద్ద ఎత్తున నమ్మి, ఈ ఇసుక నేల మీద కట్టిన ప్లాంటు 1925లో మొదలైంది. అమెరికాలో ఈ పద్ధతిని ఇంత భారీగా వాడిన తొలి ప్లాంట్లలో ఇదొకటి. 1974లో అక్కడి సివిల్ ఇంజనీర్ల సంఘం దీన్ని చారిత్రక కట్టడంగా గుర్తించింది.

మిగిలిపోయిన మడ్డిని పారబోయకుండా ఎండబెట్టి, 1926 నుంచి మిలోర్గనైట్ పేరుతో ఎరువుగా అమ్ముతున్నారు. ఆ పెద్దాయన బండిలో ఒక బస్తా ఉంది. మూతి విప్పి నా అరచేతిలో కొంచెం పోశాడు. ముదురు గోధుమ రంగులో, ఆవగింజలంత పలుకులు. పొడిగా, తేలిగ్గా ఉన్నాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే కాలిన మట్టి వాసన. ప్లాంటు వైపు నుంచి గాలి వీచినప్పుడల్లా అదే వాసన, కాస్త ఘాటుగా. నగరం మొత్తం పారేసినదాన్ని నూరేళ్ళుగా నేలకు తిరిగి ఇస్తున్న ఆ పనిని నేను చేతులెత్తి మెచ్చుకుంటాను. మన ఊళ్ళలో మురుగు నేటికీ గెడ్డల్లో పడి సముద్రంలోకి పోతుండటం చూసినవాడిని, మెచ్చుకోకుండా ఎలా ఉంటాను? కానీ మురుగుకాలువ ఎరుగని పేట మీదనే నగరం మురుగు ప్లాంటు లేచింది. ఆ మేలుకు ఖరీదు కట్టినవాళ్ళ పేర్లు ప్లాంటు గోడల మీద ఎందుకు ఉండవు అన్న ప్రశ్న నన్ను వదలలేదు.

1916 నుంచి 1940 దాకా మిల్వాకీ మేయరుగా ఉన్న డేనియల్ హోన్ సోషలిస్టు. రేవు ప్రైవేటు కంపెనీల పాలు కాకూడదని, ప్రజల ఆస్తిగా ఉండాలని పట్టుబట్టినవాడు. రేవు పనివాడిగా ఆయన మీద నాకు గౌరవమే. అయితే ప్రజల రేవు కోసం తీసుకున్న నేల మీద ఉన్నదీ ప్రజలే. 1910ల నుంచి ప్రజోపయోగం పేరిట ఇల్లు ఇల్లుగా తీసుకుంటూ పోయారు. 1920లు గడిచేసరికి కొద్దిమందే మిగిలారు. అందరికన్నా చివర ఉన్నది ఫెలిక్స్ స్ట్రక్ అనే సారా దుకాణందారు. ఆయన 1943 దాకా కదలలేదు.

గంగవరం రేవు కట్టే రోజుల్లో దిబ్బపాలెం జాలరులను లేపి సముద్రానికి దూరంగా కాలనీలు ఇచ్చినప్పుడు నేను ఉద్యోగంలోనే ఉన్నాను. రేవు రావాలి అన్నవాళ్ళలో నేనూ ఒకడిని, ఈ రోజుకూ అదే అంటాను. అలల చప్పుడు వినబడకపోతే నిద్ర పట్టడం లేదని అక్కడి ముసలాయన ఒకడు చెప్పిన మాట మాత్రం ఇప్పటికీ గుర్తుంది. ఈ పెద్దాయనకు ఆ సంగతి చెప్పాను. వాళ్ళ నాయనమ్మను దక్షిణపు వీధుల్లోని ఇంటికి మార్చాక, ఆమె చేపల వాసన లేని ఇంట్లో వంట చేయబుద్ధి కావడం లేదనేదట. ఏటా ఆగస్టులో పాత కుటుంబాల వారసులు ఈ పచ్చిక మీదే కలుసుకుంటారని, పిల్లలకు ఎవరి ఇల్లు ఎక్కడుండేదో చూపిస్తారని చెప్పాడు. దిబ్బపాలెం వాళ్ళు అలా కలుస్తారా అని అడిగాడు. తెలుసుకుని చెబుతానని ఆయన ఈమెయిలు చిరునామా రాసుకున్నాను.

మా తల మీదుగా హోన్ పేరే పెట్టిన వంతెన పోతోంది. ఓడలు కింద నుంచి వెళ్ళేలా చాలా ఎత్తున కట్టారు. కట్టడం అయిపోయినా దాన్ని కలిపే రోడ్లు లేక కొన్నేళ్ళు ఊరికే నిలబడి, 1977లో గాని వాడుకలోకి రాలేదు. ఇప్పుడు దాని మీద కార్లలో పోయేవాళ్ళకు జోన్స్ ఐలండ్ కిందుగా ఒక్క నిమిషం కనిపిస్తుంది: ఉప్పుగుట్టలు, సిమెంటు గోదాములు, ప్లాంటు పొగగొట్టం. 1959లో సెయింట్ లారెన్స్ జలమార్గం తెరుచుకున్నాక అట్లాంటిక్ దాటిన ఓడలు నేరుగా ఇక్కడికే వస్తున్నాయి. ఓడలకు తెరిచిన దారులు చేపలను కూడా మార్చాయి. నయాగరా జలపాతాన్ని తప్పించి ఓడలను పై సరస్సులకు చేర్చే వెలాండ్ కాలువ మీదుగా లాంప్రే అనే రక్తం పీల్చే జీవి 1930ల్లో మిచిగన్ సరస్సుకు చేరింది, 1950ల నాటికి ట్రౌట్ దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. తరువాత ఓడలు నిలకడ కోసం అడుగున నింపుకునే బ్యాలస్ట్ నీళ్ళతో జీబ్రా ఆల్చిప్పలు వచ్చాయి. పెర్చ్ ఎంత తగ్గిపోయిందంటే విస్కాన్సిన్ వైపు దాన్ని అమ్మకానికి పట్టడాన్నే 1990ల్లో ఆపేశారు. జాలరులను లేపకపోయి ఉన్నా వారి బతుకు ఎన్నాళ్ళు సాగేదో.

ఆ రోజు శుక్రవారం. శుక్రవారం వేయించిన చేపలు తినడం ఆ రాష్ట్రమంతటా ఆచారం. పెద్దాయనే మమ్మల్ని బే వ్యూలో ఒక పాత హోటల్ ముందు దింపి వెళ్ళాడు, డబ్బులు పుచ్చుకోలేదు. పెర్చ్ పళ్ళెం ధర చూసి మా ఆవిడ మెనూ మూసేసింది. ఇంత దూరం వచ్చాక తినకుండా వెళ్ళడం బాగుండదని నేనే రెండు చెప్పాను. తోలుతో సహా వేయించిన చిన్న చేప ముక్కలు, బంగాళాదుంప అట్లు, ఆపిల్ గుజ్జు, క్యాబేజీ, రై రొట్టె. తల లేని, ముల్లు లేని చేపను చేప అనడానికి ఆమెకు మనసొప్పలేదు గాని పళ్ళెంలో ఒక్క ముక్క మిగల్చలేదు. ఈ చేప ఎదురుగా ఉన్న సరస్సుదేనా అని అడిగాను. కాదట, ఈరీ సరస్సు నుంచి, కెనడా వైపు నుంచి వస్తుందని వడ్డించే అమ్మాయి చెప్పింది.

షికాగో నుంచి వెళ్ళదలచినవాళ్ళు ఉదయపు రైలుకే బయలుదేరండి, శుక్రవారమైతే మరీ మంచిది. టాక్సీకి మాత్రం రానూపోనూ ముందే మాట్లాడుకోండి, రేవు లోపల దిగాక ఇంకో బండి దొరకడం కష్టం. ఆగస్టులో వెళ్ళగలిగితే ఆ కుటుంబాలు కలిసే రోజు ఏదో ముందుగా కనుక్కుని వెళ్ళండి. వచ్చే ఏడు మా అబ్బాయి సెలవు పెట్టగలిగితే మేమూ ఆ రోజుకే వెళ్ళాలనుకుంటున్నాము.