పిల్లల హోముకు సర్కారు డబ్బు: బిడ్డకు 3,000 లెక్క ఎక్కడ తప్పుతుంది

పిల్లల రక్షణకు కేంద్రం పెట్టిన మిషన్ వాత్సల్య పథకం కింద గ్రాంటు మంజూరైన పిల్లల హోముకు పోషణ ఖర్చు కింద వచ్చేది బిడ్డకు నెలకు 3,000 రూపాయలు. 2022 మార్గదర్శకాల్లో పెట్టిన మొత్తం ఇది. మామూలు రాష్ట్రాల్లో కేంద్రం 60, రాష్ట్రం 40 పాళ్లు భరిస్తాయి. సిబ్బంది జీతాల పద్దు వేరు.

అంటే రోజుకు వంద. అందులో ఏమేం పెట్టాలో 2016 జువెనైల్ జస్టిస్ నమూనా నియమాలు గ్రాముల్లో చెప్తాయి: బియ్యం, గోధుమ, రాగుల వంటివి 600 గ్రాములు, పప్పు 120, నూనె 25, ఆకుకూరలు 100, మిగతా కూరగాయలు 130, పాలు 150 మిల్లీలీటర్లు. యాభైమంది హోముకు ఇది రోజుకు 30 కిలోల ధాన్యం, 6 కిలోల పప్పు, ఏడున్నర లీటర్ల పాలు. బియ్యం కిలో 45, కందిపప్పు 150 అనుకోండి. ఆ రెండింటికే బిడ్డకు 45 రూపాయలు అయిపోతాయి. పాలు, గుడ్లు, కూరలు, గ్యాస్, సబ్బులు, బట్టలు మిగిలిన 55లో సర్దాలి. సర్దలేరు. దాతల సంచీ ఎక్కడో ఒకచోట విప్పక తప్పదు.

డబ్బు చాలదని అందరికీ తెలుసు. హోముల్ని అంతకంటే ముంచేది తలల లెక్క. యాభైమంది ముప్పైమందికి తగ్గినా కరెంటు బిల్లు, భవనం అద్దె తగ్గవు. పోషణ గ్రాంటు మాత్రం 1,50,000 నుంచి 90,000కు పడిపోతుంది. రైల్వే స్టేషన్ల దగ్గర దొరికిన పిల్లల్ని చేర్చుకునే ఓపెన్ షెల్టర్లకు ఇది మరీ ఇబ్బంది. విజయవాడ, సికింద్రాబాద్ లాంటి పెద్ద జంక్షన్ల దగ్గర ఇల్లు వదిలి వచ్చిన పిల్లాడు రెండు రాత్రులుండి, అమ్మానాన్నల జాడ దొరికితే వెళ్లిపోతాడు. పని బాగా చేసినకొద్దీ పడకలు ఖాళీ అవుతాయి. బిడ్డను సంస్థలో ఉంచడం చిట్టచివరి మార్గమని 2015 జువెనైల్ జస్టిస్ చట్టమే అంటోంది. ఓపెన్ షెల్టర్లకైనా తలకింత అనకుండా పడకకింత అని ఇవ్వాలన్నది నా అభిప్రాయం.

ఇంకో విడ్డూరం ఉంది. అదే బిడ్డ ఈ పథకంలోని స్పాన్సర్‌షిప్ కింద సొంతింట్లో ఉంటే నెలకు 4,000 వస్తాయి. కుటుంబ ఆదాయం ఏడాదికి గ్రామాల్లో 72,000, పట్టణాల్లో 96,000 దాటకూడదు. ఇంటికే ఎక్కువివ్వడం సరైనదే. కానీ బిడ్డను ఇంటికి పంపడానికి కాగితాలు రాయాల్సింది హోము సిబ్బందే, పంపాక 3,000 తగ్గేది వాళ్లకే.

తలల లెక్కలోకి ఎవరొస్తారన్నది చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. బాలల సంక్షేమ కమిటీ, అదే సీడబ్ల్యూసీ, ఉత్తర్వు ఉన్న బిడ్డే లెక్క. బిడ్డ దొరికిన 24 గంటల్లో, ప్రయాణ సమయం పోను, ఫారం 17 నివేదికతో కమిటీ ముందుంచాలి. "మావాణ్ణి మీ దగ్గర పెట్టుకుని చదివించండి" అంటూ తల్లో మేనమామో నేరుగా వదిలివెళ్లిన పిల్లలు ఉత్తర్వు లేకుండా రిజిస్టర్‌కెక్కితే గ్రాంటు రాదు సరికదా, తనిఖీలో మొదట పట్టుబడేది అదే. మంజూరైన సంఖ్య దాటి చేర్చుకున్నా ఆ పై తలలకు డబ్బు రాదు. జిల్లా తనిఖీ కమిటీ మూడు నెలలకోసారైనా రావాలి, అందులో ఒక మహిళా ఒక వైద్యాధికారీ ఉండాలి. వాళ్లు రిజిస్టర్‌నీ పడకల్నీ పక్కపక్కన పెట్టి చూస్తారు.

డబ్బు ఆలస్యానికి కారణం చాలాసార్లు మీ హోములో ఉండదు. కేంద్ర నిధులు రాష్ట్రపు సింగిల్ నోడల్ ఏజెన్సీ ఖాతా (ఒక్కో పథకానికి రాష్ట్రంలో ఒకే ఖాతా) గుండా, సర్కారు డబ్బు కదలికను చూసే ఆన్‌లైన్ వ్యవస్థ పీఎఫ్ఎంఎస్ మీద కదలాలన్న పద్ధతి 2021లో వచ్చింది. 2021 నాటి ఆ నిబంధనల ప్రకారం కేంద్రం ఒక్కసారికి పావువంతు మించి వదలదు. తర్వాతి పావు రావాలంటే రాష్ట్రం తన వాటా జమచేయాలి, ముందు వచ్చినదాంట్లో కనీసం 75 శాతం ఖర్చయి ఉండాలి. ఆ 75 శాతం చూసేది రాష్ట్రం మొత్తానికి. మీరు పైసా మిగల్చకుండా ఖర్చుపెట్టి యూసీ (నిధుల వినియోగ ధ్రువపత్రం) ఇచ్చినా, మిగతా జిల్లాల్లో డబ్బు కదలకపోతే మీ కిరాణా బాకీ పెరుగుతూనే ఉంటుంది. అందుకే మూడు నెలల పోషణ ఖర్చు దాతల ఖాతాలో విడిగా ఉండకుండా గ్రాంటు మీదే హోము నడపకూడదు. యాభైమందికి అది నాలుగున్నర లక్షలు.

యూసీల్లో తప్పులు ఎప్పుడూ ఒకటే రకం. గ్రాంటుకు వేరే బ్యాంకు ఖాతా ఉండదు. వచ్చిన వడ్డీ చూపించరు. ఒకే బిల్లు దాత లెక్కలోనూ సర్కారు లెక్కలోనూ కనిపిస్తుంది. ప్రతి బిల్లు మీద ఏ నిధి నుంచి చెల్లించారో ఆరోజే ముద్ర వేస్తే ఈ మూడో తప్పు పోతుంది. ఆడిట్ నెలలో కూర్చుని వేస్తే పోదు.

హోము రిజిస్ట్రేషన్ జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 41 కింద, అయిదేళ్లకు. ఫారం 27 దరఖాస్తు అందిన రసీదు పారేయకండి: నెలలోగా తాత్కాలిక రిజిస్ట్రేషన్ ఇవ్వకపోతే గరిష్ఠంగా ఆరు నెలల పాటు ఆ రసీదే తాత్కాలిక రిజిస్ట్రేషన్‌గా చెల్లుతుంది. 2021 సవరణ తర్వాత కలెక్టర్ సిఫార్సు కూడా చూస్తారు కాబట్టి, గడువు దగ్గరపడ్డాక పరుగెత్తితే పని కాదు.

లోటు పూడ్చడానికి అమెరికా బంధువుల వైపు చూసేవాళ్లకు ఒక మాట. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్ఆర్ఐ తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకుంటే, ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేని సంస్థ ఒక్క డాలరు ముట్టకూడదు. తానా, ఆటా సభల్లో చెక్కు అందుకునే ముందు ఇది అడగాలి.

పద్దెనిమిది నిండేవాళ్ల సంగతి మాత్రం ఏడాది ముందే మొదలుపెట్టండి. ఆఫ్టర్ కేర్ (హోము వదిలాక ఇచ్చే సాయం) కింద 21 ఏళ్ల దాకా, అవసరమైతే 23 దాకా, నెలకు 4,000 అందే వీలుంది. దానికి వాళ్ల పేరున బ్యాంకు ఖాతా ఉండాలి. ఆధార్‌లో పుట్టినతేదీ ఒకటి, సీడబ్ల్యూసీ ఉత్తర్వులో రాసిన వయసు ఇంకొకటి అయితే ఫైలు అక్కడే ఆగుతుంది. ఆ దిద్దుబాటు బిడ్డ హోములో ఉండగానే చేయించాలి. బయటికెళ్లాక చిరునామా రుజువు కూడా దొరకదు.